మనిషి అన్న మాట

మా ఊరి చావడిలో కూర్చుని, రెండు వీధుల కక్షను తామే తీర్చామని మీసాలు దువ్వుకునే మగవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తెల్లదొరలు పోతున్నారట, ఈ నెలలోనే జెండా ఎగరేస్తారట. ఆ కబుర్ల మధ్యలో మా ఊరి సంగతి కూడా వస్తుంది. "మద్దిలేటి తాత వచ్చె, ప్రమాణం చేయించె, కక్షలు పాయె" అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. నిన్న మా ఆయన ఆదెన్న కూడా అదే పాట పాడాడు. కండెలు చుడుతున్నదాన్ని రాట్నం ఆపి అతని వైపు చూశాను. లేని దగ్గు తెచ్చుకుని మగ్గం మీది నాడె అందుకున్నాడు. అసలు సంగతి అతనికి తెలుసు. మీకూ తెలియాలి గనక చెబుతున్నాను, వినండి.

మా ఊరు కుందేటి ఒడ్డున ఉంది. కర్నూలు జిల్లా అయిపోయి కడప జిల్లా మొదలయ్యే చోటు. నేతవాళ్ళవి రెండు వీధులు, తూర్పు వీధి, పడమటి వీధి. రెండూ కలిసే చోట చౌడమ్మ గుడి. కులం ఒకటే, దేవత ఒకటే, పొద్దున్నే ఇళ్ళల్లోంచి వచ్చే గంజి వాసన కూడా ఒకటే. ఉగాదికి చౌడమ్మకు జ్యోతులు ఎత్తడం మా ఆచారం. బియ్యప్పిండి, బెల్లం కలిపి గోపురంలా ముద్దచేసి, పైన నేతిదీపం వెలిగించి, తలమీద పెట్టుకుని గుడికి నడుస్తారు. వీధికొక జ్యోతి. తూర్పు వీధి జ్యోతి గోపన్న ఎత్తేవాడు, మా పడమటి వీధి జ్యోతి నరసన్న ఎత్తేవాడు. ఒక ఏడు గుడి వాకిట్లో ఎవరు ముందు అడుగు పెట్టాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. జ్యోతులు కిందపడ్డాయి. కట్టెలు లేచాయి. తలలు పగిలాయి.

అక్కడితో అయిపోతే బాగుండేది. తూర్పు వీధి మగ్గాల మీదున్న చీరలను కొడవళ్ళతో కోసి వచ్చారు మా వీధివాళ్ళు. వాళ్ళ గడ్డివామి తగలబెట్టిందీ వీళ్ళే. వాళ్ళేం తక్కువ తిన్నారా, మా వీధి బావిలో చచ్చిన గొడ్డును పడేశారు. ఇంక కోర్టు వాయిదాలు, పోలీసులు, సాక్ష్యాలు. ఒక వీధివాడు ఇంకొక వీధిలో కాలు పెట్టడం మానేశాడు.

గొడవ పుట్టకముందే గోపన్న, నరసన్నల ఇళ్ళ మధ్య కుండమార్పిడి పెళ్ళిళ్ళు జరిగాయి. గోపన్న చెల్లెలు మహాదేవమ్మను మా వీధి నరసన్నకు ఇచ్చారు. నరసన్న చెల్లెలు రామేశ్వరమ్మను అక్కడ గోపన్నకు ఇచ్చారు. ఇచ్చిన పిల్లకు బదులు పిల్ల. పెళ్ళినాడు ఒకే పందిట్లో పక్కపక్కన కూర్చుని, ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకుని నవ్వుకున్న వదినలు వాళ్ళు. కక్ష మొదలయ్యాక ఇద్దరికీ పుట్టిల్లు శత్రువుల ఇల్లయింది.

నరసన్నదీ మాదీ ఒకే గోడ. ఆ గోడకు అవతల ఏం జరిగేదో చెవులున్న నాకు తెలుసు. కోర్టులో తూర్పు వీధివాళ్ళది పైచేయి అయిందంటే ఆ రోజు నరసన్న ఇంట్లో మగ్గం ఆగేది. "తూర్పు వీధిదానా! మీ వాళ్ళకు అంత కొవ్వా?" అన్న అరుపు వచ్చేది. తరువాత దెబ్బలు. మహాదేవమ్మ అంతవరకూ గంజి కాస్తూ ఉండేది, లేదా పిల్లకు జడ వేస్తూ ఉండేది. కోర్టు ఏ దిక్కున ఉంటుందో కూడా తెలియని మనిషి. అటు వీధిలో ఎవడో గెలిచిన దానికి ఇటు వీధిలో ఈమె వీపు పగలాలి, అదీ వీళ్ళ మగతనం!

మరి వీధిలో మిగతావాళ్ళు ఏం చేసేవారంటారా? మగ్గాలు ఇంకా జోరుగా ఆడించేవారు. టకాటకా టకాటకా అని ఆ మోతలో ఏ ఏడుపూ వినిపించనట్టు. వినిపించకపోవడానికి మగ్గం ఏమైనా నగారానా?

అంతకన్నా పాడు సంగతి ఇంకొకటి ఉంది. ఇక్కడ మహాదేవమ్మ ఏడ్చిన మాట ఎలాగో తూర్పు వీధికి చేరేది. గోపన్నకు చెల్లెలంటే ప్రాణమట! ఆ ప్రాణం అడ్డుపెట్టుకుని ఏం చేసేవాడో తెలుసా? వచ్చి నరసన్న చొక్కా పట్టుకునేవాడా? లేదు. ఇంట్లో ఉన్న రామేశ్వరమ్మ జుట్టు పట్టుకునేవాడు. "మీ అన్న నా చెల్లెల్ని కొడ్తాడా, పడమటి వీధిదానా!" అని ఇక్కడ మహాదేవమ్మకు పడినన్ని అక్కడ ఆమెకు. అది తెలిసి నరసన్న ఇక్కడ మళ్ళీ మొదలు. ఇద్దరు మొగుళ్ళూ ఒకరిని ఒకరు తాకకుండానే ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు, మధ్యలో వీళ్ళిద్దరి ఒళ్ళు పెట్టుకుని.

ఎండాకాలం కుందేరు ఎండిపోతే ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు తోడుకుంటాం. చెలమలు కూడా వీధికొకటి అయిపోయాయి. మాట్లాడుకోకూడదు. కానీ చెలమలో నీరు ఊరేదాకా కూర్చోవాలి కదా. ఒక ఉదయం నేనూ మహాదేవమ్మా మా చెలమ దగ్గర కూర్చున్నాం. అవతల చెలమ దగ్గర రామేశ్వరమ్మ ఒక్కతే ఉంది. ఎడమచెయ్యి వాచి ఉంది, కుడిచేత్తోనే ముంత ముంచుతోంది. మా వైపు చూడకుండా, నీళ్ళతో మాట్లాడినట్టు అడిగింది.

"వదినా, మొన్న నువ్వు గట్టిగా అరిచినావా?"

మహాదేవమ్మ తలకాయ వంచుకుంది. "అరిచినా వదినా. కాలితో తన్న్యాడు. తట్టుకోల్యాకపోయినా."

"అదే అనుకున్యా" అంది రామేశ్వరమ్మ. అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. కడవ ఎత్తుకోలేక అవస్థ పడుతుంటే నేనే లేచి అవతలికి పోయి ఎత్తాను. ఎవడు చూస్తే నాకేం!

ఆ రోజు నుంచి మహాదేవమ్మ అరవడం మానేసింది. దెబ్బ పడుతుంటే కొంగు నోట్లో కుక్కుకునేది. తను అరిస్తే అక్కడ వదినకు పడుతుంది. గోడకు ఇవతల ఉండి నేను ఆ నిశ్శబ్దాన్ని వినేదాన్ని. అరుపు కంటే అది వినడమే కష్టంగా ఉండేది నాకు.

చివరికి రెండు వీధులూ వాయిదాలకు తిరిగి తిరిగి అలిసిపోయాయి. రాజంపేట వైపు నుంచి మద్దిలేటి తాతను పిలిపించారు. మా కులంలో ఆయన మాటకు ఎదురు లేదు. తెల్లటి తలపాగా, చేతిలో వెదురుకర్ర, నవ్వని ముఖం. ఉగాదికి ముందు వచ్చి గుళ్ళోనే దిగాడు. రెండు వీధుల మగవాళ్ళనూ అమ్మవారి ముందు నిలబెట్టాడు. చౌడమ్మ అలగు, అదే అమ్మవారి కత్తి, తీసి అడ్డంగా పట్టుకుని, దాని మీద అందరి చేతులూ వేయించాడు. ఆడవాళ్ళం మంటపం బయట నిలబడి చూస్తున్నాం.

తాత ఒక్కో మాటా అంటుంటే మగవాళ్ళు తిరిగి అన్నారు.

"తూర్పు వీధి మనిషి మింద పడమటి వీధోడు గానీ, పడమటి వీధి మనిషి మింద తూర్పు వీధోడు గానీ చెయ్యెత్తగూడదు. ఎత్తినోని పడుగుకు ఎవురూ చెయ్యి కలపగూడదు. వాడు అమ్మ జ్యోతి ఎత్తగూడదు. జ్యోతి ముందర బోర్లా పడి తప్పొప్పుకునేదాకా ఇది ఇంతే. చౌడమ్మ సాక్షి."

పడుగుకు చెయ్యి కలపకపోవడం అంటే నేతవాడికి చావే. నిలువుపోగులన్నిటినీ వీధి పొడుగునా సాచి, గంజి పూసి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. వీధి వీధంతా వచ్చి పట్టాలి.

జ్యోతుల్లో ఏది ముందు అన్న ముడి మాత్రం తాత విప్పలేదు. "అది ఉగాదినాడు అమ్మే తేలుస్తాది" అని దాటేశాడు. ఆ ఏటి అమ్మవారి చీరకు నూలు తూర్పు వీధిది, నేత నరసన్న మగ్గం మీద అని చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు. గోపన్న, నరసన్న కౌగిలించుకున్నారు. ఆ చూడముచ్చట ఏం చెప్పను! మగవాళ్ళకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి.

మహాదేవమ్మ నా మోచెయ్యి గిల్లింది. "అక్కా, మనిషి అన్న్యాడు గదా? మొగోడు అన్ల్యా గదా?"

"మనిషి అనే అన్న్యాడు" అన్నాను. ఎందుకు అడుగుతోందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

రాజీ అయ్యాక కొట్టడం ఆగుతుందనుకున్నాం. కక్ష కోసం కొట్టినవాడికి కక్ష పోయాక కొట్టే పనేముంది? మా అమాయకత్వం! రాజీ విందులో గోపన్న బావగారి విస్తట్లో వడ్డిస్తూ అన్నాడట, "మా నూలు ల్యాకుంటే నీ మగ్గం ఏం నేస్తాది బావా, గాలినా?" అని. అందరూ నవ్వారు. నరసన్నా నవ్వాడు. ప్రమాణం ఉంది కదా, ఇదివరకైతే కట్టె తీసేవాడే. ఆ నవ్వును ఇంటిదాకా మోసుకొచ్చి, తలుపు మూసి, మహాదేవమ్మ మీద దించాడు.

"తూర్పు వీధిదానా! మీ యన్న నన్ను నలుగుర్లో నవ్వులపాలు జేస్తాడా!"

ఏదో ధభీమని పడిన చప్పుడు వచ్చింది. నేను పరుగెత్తాను. నన్ను చూసి నరసన్న పంచె సర్దుకుంటూ బయటికి పోయాడు. మహాదేవమ్మ మగ్గం గుంటలో పడి ఉంది. పెదవి చిట్లింది. మణికట్టు పట్టుకుని ఉంది. పైకి లాగి కూర్చోబెడితే, ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది! ఒక్క క్షణం నాకు భయమేసింది, మతి చలించిందేమోనని.

"అక్కా, ఏమన్న్యాడో విన్న్యావా?"

"రోజూ వినేదే గదమ్మే."

"తూర్పు వీధిదానా అన్న్యాడు. అమ్మ ముందర అలగు మింద చెయ్యేసి ఒప్పుకున్న్యాడు, తూర్పు వీధి మనిషిని కొట్టనని. నేను తూర్పు వీధి మనిషినని ఆయప్పే చెప్తాండాడు. ఇంగేం గావాల?"

ఇన్నేళ్ళూ తిట్టిన తిట్టునే పట్టుకుని ఆమె పైకి ఎక్కబోతోంది.

"ఒప్పుకోరు మహాదేవీ" అన్నాను.

"ఒప్పుకోకుంటే ఇద్దరం చస్తాం, ఈడ నేను, ఆడ మా వదిన. నేను నోరు తెరిసినానని మా యన్న ఆయమ్మను కొడ్తాడు. ఒప్పుకుంటే ఇద్దరం బతుకుతాం. ఆ మాట మా యన్న కూడా అన్న్యాడు గదా, అలగు మింద." పెదవి తుడుచుకుంది. "రేపు అమ్మ చీర పడుగు సాస్తారు. రెండు వీధులోళ్ళూ వస్తారు. నువ్వు నా పక్కన ఉంటావా?"

"ఉంటా" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు.

తెల్లవారింది. అమ్మవారి చీర పడుగును పడమటి వీధి మొదటి నుంచి గుడిదాకా సాచారు. తెల్లటి పోగులు నడుమెత్తున వీధి మధ్యలో బారుగా నిలిచాయి. ఎన్నో ఏళ్ళ తరువాత తూర్పు వీధి మగవాళ్ళు మా వీధిలో నిలబడి కుంచెలు పట్టారు. గంజి పూశారు. ఎండెక్కేలోగా దువ్వి ఆరబెట్టాలి. ఆలస్యమైతే పోగులు ఒకదానికొకటి అతుక్కుని, చేయి వేస్తే పుటుక్కున తెగుతాయి. గుడి దగ్గర మద్దిలేటి తాత అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆడవాళ్ళం గంజి తప్పేలాలు అందిస్తున్నాం. రామేశ్వరమ్మ కూడా వచ్చింది.

మహాదేవమ్మ గంజి తప్పేలా కిందపెట్టి, పడుగు పక్కనే నడిచి తాత ముందుకు వెళ్ళింది. వెనకాలే నేను.

"తాతా, ప్రమాణం తప్పింది" అంది.

కుంచెలు ఆగిపోయాయి. చేతులు కట్టెల మీదికి పోవడం నా కళ్ళతో చూశాను. "ఎవురు? ఎవురి మింద చెయ్యెత్తినారు?" అన్నాడు తాత.

"పడమటి వీధి నరసన్న తూర్పు వీధి మనిషిని కొట్న్యాడు. ఆ మనిషిని నేనే." మొగుడి పేరు పెట్టి చెప్పింది! అప్పటిదాకా మా ఊళ్ళో ఏ ఆడదీ ఆ పని చేయలేదు. తరువాత పెదవి చూపింది, చెయ్యి చూపింది.

మగవాళ్ళ వైపు నుంచి నవ్వు లేచింది. మా వీధి పెద్ద సుంకన్న ముందుకొచ్చాడు. "ఏందిమ్మా ఇది, మొగుడూ పెండ్లాల గొడవ తెచ్చి పంచాయితీలో పెడ్తావా? అత్తగారింటికి వచ్చినాక నువ్వు పడమటి వీధి దానివే గదా. పోమ్మా పో, గంజి ఆరిపోతాంది."

"నేను పడమటి వీధి దాన్నయితే, కొట్టేటప్పుడు ఆయప్ప నన్ను తూర్పు వీధిదానా అని ఎందుకంటాడు?" అంది మహాదేవమ్మ. "అది ఆయప్ప నోటి మాట. విన్నోళ్ళను అడుగు తాతా."

తాత కర్రతో నేల తట్టాడు. "ఎవురన్నా విన్న్యారా?"

వీధి వీధంతా పోగుల వైపు చూస్తూ నిలబడింది. ఆ మగ్గాలను మనసులో ఇంకా ఆడిస్తున్నారు కాబోలు! నాకు కోపం నెత్తికెక్కింది.

"నేను విన్న్యా" అన్నాను. "మాది ఒకటే గోడ. రోజూ విన్న్యా. మగ్గం ఆడ్తాంటే కూడా వినపడ్తాది. ఈళ్ళందరూ విన్న్యారు తాతా, చెవుల్లో నూలు కుక్కుకున్న్యారు, అంతే!"

మా ఆదెన్న కుంచె విసిరికొట్టాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. నా మీదికి వస్తూ చెయ్యెత్తి, రెండు వీధులూ దద్దరిల్లేటట్టు అరిచాడు.

"నోర్మూయ్, తూర్పు వీధిదానా!"

ఆ మాట నోట్లోంచి రావడం, చెయ్యి గాల్లోనే ఆగిపోవడం ఒకేసారి జరిగాయి. ఏమన్నాడో అతనికే తెలిసిపోయింది. తాత మెల్లగా లేచాడు.

"ఏమప్పా, నీ పెండ్లాం పుట్నిల్లు యాడ?"

ఆదెన్న చెయ్యి దించాడు. "ఈ... ఈ వీధే తాతా."

"ఈ వీధిలో ఏ యిల్లు?"

"అదిగో, మా యింటికి ఎదురిల్లు."

ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ ఆడవాళ్ళ వైపు నుంచి మొదలైంది. నవ్వు పడుగు పొడుగునా పాకింది. కొందరు మగవాళ్ళు కూడా ఆపుకోలేకపోయారు. నేను మాత్రం నవ్వలేదు. ఆదెన్న కళ్ళల్లోకి చూస్తూ నిలబడ్డాను. ఎదురింట్లో పుట్టిన నన్ను కూడా శత్రువును చేయడానికి ఇతనికి ఒక్క మాట చాలింది. కొట్టాలనుకున్న ఆడది ఎక్కడ పుడితే ఏం, వీళ్ళ నోటికి అది అవతలి వీధిదే.

"చూస్తివా సుంకన్నా" అన్నాడు తాత.

అప్పుడు గోపన్నకు పౌరుషం వచ్చింది. "నా చెల్లెల్ని కొడ్తావా రా, ప్రమాణం చేసి!" అని నరసన్న మీదికి లేచాడు. రామేశ్వరమ్మ వచ్చి మధ్యలో నిలబడింది. ఎప్పుడూ నీళ్ళతో తప్ప మాట్లాడని మనిషి, ఈసారి మొగుడి ముఖంలోకి చూసి మాట్లాడింది.

"నువ్వు కూడా అలగు మింద చెయ్యేస్తివి. ఇంటికి పోయినాక నన్ను కొట్టవని ఈడ, అందరి ముందర చెప్పు. మీ చెల్లెలి కోసం నా చెయ్యి ఇరగ్గొడ్తివి. నేను పడమటి వీధి మనిషిని గాదా?" వాచి నయమై వంకరపోయిన చెయ్యి పైకెత్తి చూపింది.

గోపన్న అక్కడే ఆగిపోయాడు.

సుంకన్నకు ఇప్పుడు నిజంగా భయం పట్టుకుంది. గొంతు మార్చి, బతిమాలినట్టు అన్నాడు. "అమ్మా మహాదేవమ్మా, శానా కష్టపడి రాజీ చేసుకున్న్యాం. మళ్ళ తలకాయలు పగుల్తాయి. నీ యొక్కదాని కోసరం ఊరి రాజీ చెడగొడ్తావా?"

మహాదేవమ్మ ఆ మాటకు వెనక్కి తగ్గుతుందేమోనని ఇంకా దగ్గరగా జరిగాను. అలాంటి మాటలకే మేము ఎన్నిసార్లు నోరు మూసుకున్నాం!

"రాజీ చెడగొట్టింది నేను గాదు, సుంకన్నా. మీ కక్షంతా నా ఒంటి మింద జరిగె. రాజీ మాత్రం నా ఒంటిదాకా రాగూడదా?" అంది. తరువాత గుడి వైపు చెయ్యి చాచింది. "అమ్మ ముందర మనిషి అని ఒప్పుకున్న్యారు. ఆడది మనిషి గాదని చెప్పే మొగోడు ఎవురన్నా ఉంటే, పోయి అలగు పట్టుకోని ఆ చౌడమ్మ మొగం చూసి చెప్పండప్పా. నేను నోరు మూసుకోని ఇంటికి పోతా."

ఎవడు పోతాడు? గుళ్ళో కూర్చున్నది ఎవరు? పసుపు, కుంకుమ, ముక్కుపుడకతో కూర్చున్నది ఆడదే కదా.

తాత తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "మాట మాటే. నరసన్న తప్పినాడు. గోపన్న సంగతి పాతది. అయినా ఈ పొద్దు చెప్పమంటే నోరు రాల్యా, కాబట్టి ఆయప్ప కూడా ఈ యేడు జ్యోతి ఎత్తగూడదు. పడుగు వదలండప్పా."

మగవాళ్ళు ఒక్కొక్కరే చేతులు తీసేశారు. నరసన్న ఒక్కడే కుంచె పట్టుకుని వీధి మధ్య నిలబడ్డాడు. ఎండ పోగుల మీదికి ఎక్కుతోంది. గంజి బిగుస్తోంది. అమ్మవారి చీర మా కళ్ళముందే పాడైపోతోంది.

మహాదేవమ్మ వెళ్ళి అతని చేతిలోంచి కుంచె తీసుకుంది. అతను ఇచ్చాడు, ఏం చేయాలో తెలియక. "ఇది ఆయప్ప పడుగు గాదు, అమ్మది. ఈ నూలు చుట్టి పడుగుకు ఆసు పోసింది మేము, ఆడోళ్ళం. రాండమ్మా!" అని పిలిచింది.

అబ్బ, ఆ పిలుపు! తప్పేలాలు దిగాయి, కొంగులు బిగిశాయి. రామేశ్వరమ్మ అటు చివర పట్టింది, నేను మధ్యలో దూరాను. తూర్పు వీధి ఆడవాళ్ళు, పడమటి వీధి ఆడవాళ్ళు అడ్డదిడ్డంగా కలిసిపోయి నిలబడ్డారు. కుంచె పట్టడం మాకు రాదనుకున్నారు మగవాళ్ళు. చిన్నప్పటి నుంచి చూస్తున్న పని రాకుండా ఎక్కడికి పోతుంది? మహాదేవమ్మ నొప్పి చేతిని కొంగుతో కట్టుకుని, ఒంటిచేత్తోనే దువ్వుకుంటూ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మగవాళ్ళు గోడల వెంబడి నిలబడి చూశారు. పోగు తెగలేదు. చీర నరసన్న మగ్గం మీదకు పోలేదు. మరో ఇంట్లో నేశారు.

ఆ రోజు నుంచి ఉగాదిదాకా నరసన్న ఇంట్లో మగ్గం మోగలేదు. అతని పడుగుకు ఎవరూ రాలేదు. మహాదేవమ్మ మీద చెయ్యెత్తలేదు కూడా. ఎత్తడానికి లేచినప్పుడల్లా నేను ఇవతల నుంచి గోడను పచ్చడిబండతో కొట్టేదాన్ని. నేను కొడితే పక్కింటావిడ కొట్టేది, ఆమె కొడితే వీధి చివరిదాకా గోడలు మోగేవి. పాపం, నరసన్న కూర్చునేవాడు.

ఉగాది వచ్చింది. గోపన్న ఎత్తకూడదు, నరసన్న ఎత్తకూడదు. మరి జ్యోతులు? "ఏ యింటి జ్యోతి ఆ యింటి మనిషే ఎత్తాల" అన్నాడు తాత. అని, మా వైపు చూశాడు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పడమటి వీధి నుంచి మహాదేవమ్మ జ్యోతి ఎత్తుకుని బయలుదేరింది. పసుపు చీర, తడిజుట్టు, తలమీద వెలుగు. డప్పులు మోగుతున్నాయి. జ్యోతి వస్తుంటే దారి పొడుగునా అందరూ బోర్లా పడి మొక్కాలి, అది ఆచారం. అందరూ పడ్డారు. నరసన్న మాత్రం తన గడపలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మహాదేవమ్మ అతని ఎదుటకు వచ్చి ఆగింది. డప్పులు ఆగాయి. ఆమె కన్ను ఆర్పలేదు. నేతి దీపం మాత్రం రెపరెపలాడింది.

నరసన్న దీపం వైపు చూశాడు, ఆమె ముఖం వైపు చూశాడు. మోకాళ్ళు వంగాయి. వీధిలో, దుమ్ములో, పెళ్ళాం కాళ్ళ ముందు బోర్లా పడ్డాడు. మట్టిలోకి ఏదో గొణిగాడు.

"వినపళ్ళేదప్పా! మగ్గాల మోత ఎక్కువగా ఉండాది!" అని అరిచాను నేను. ఒక్క మగ్గం ఆడని రోజది.

"తప్పయిపాయ!" అన్నాడు గట్టిగా. "తప్పయిపాయ చౌడమ్మా! ఇంగ ఎత్తను!"

మహాదేవమ్మ అతన్ని దాటి ముందుకు నడిచింది. నా కళ్ళు ఆగకుండా కారాయి. సిగ్గెందుకు, ఊళ్ళో ఏడవని ఆడది లేదు ఆ రోజు.

తూర్పు వీధి నుంచి రామేశ్వరమ్మ జ్యోతి వచ్చింది. అక్కడ గోపన్న ముందే బోర్లా పడిపోయాడట, పిలవకముందే. రెండు జ్యోతులూ గుడి ముందు కలిశాయి. తలలు పగలగొట్టిన వాకిలి అది. ఎవరు ముందు? కొందరు మగవాళ్ళ పిడికిళ్ళు అప్పుడే బిగిశాయి.

వదినలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెళ్ళిపందిట్లో నవ్వినట్టు నవ్వారు. రామేశ్వరమ్మ వంకరచెయ్యి చాచింది, మహాదేవమ్మ నొప్పిచెయ్యి అందించింది. ఇద్దరూ పక్కపక్కన, ఒకే అడుగుతో, వాకిలి దాటి లోపలికి పోయారు. ఇద్దరు పట్టేంత వెడల్పు ఆ వాకిలికి మొదటి నుంచీ ఉంది.

అదండీ రాజీ అంటే. ఆ తరువాత మా వీధుల్లో ఒక అలవాటు పడింది. ఏ ఇంట్లోనైనా చెయ్యి లేస్తే లోపలి ఆడది "మనిషిని!" అని ఒక్క కేక వేస్తుంది. వెంటనే రెండు వీధుల్లోనూ మగ్గాలన్నీ ఆగిపోతాయి. ఆపకపోతే కండెలు చుట్టి ఇచ్చే ఆడవాళ్ళం ఊరుకోం. ఆ నిశ్శబ్దంలో చెయ్యెత్తినవాడికి తన ఊపిరి తనకే వినిపిస్తుంది. చెయ్యి దించుతాడు.

మా ఆదెన్న కోసం నేను ఆ కేక ఒక్కసారే వేయవలసి వచ్చింది. ఇప్పుడు చూడండి, పక్కన కూర్చుని నేస్తూ ఇదంతా వింటున్నాడు. తప్పు చెప్పానేమో అడగండి.